పేరు పలుకని పితరులు

తర్పణ సమయమున కర్త మూడు తరములవారిని గోత్రనామములతో పిలిచి తిలోదకము విడుచును. పేరు తెలిసినవారి మాట సరే. తెలియనివారి గతి యేమి? అమెరికాలోని యొక కొండతోట ఈ ప్రశ్నను కన్నులయెదుట నిలుపుచున్నది.

వర్జీనియా రాష్ట్రమున, షార్లట్స్‌విల్ చెంత నున్న ఆ తోట పేరు మాంటిసెల్లో. అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ గృహమది. 1773లో ప్రాణమిత్రుడును చెల్లెలి భర్తయు నైన డాబ్నీ కార్ మరణింపగా, విద్యార్థిదశలో తామిద్దరు కూర్చుండిన ఓకు చెట్టు క్రింద జెఫర్సన్ అతనిని ఖననము చేయించెను. ఆ కుటుంబ శ్మశానమునకు అదియే ఆది. 1826 జూలై 4న గతించిన జెఫర్సన్ కూడ అచటనే నిద్రించుచున్నాడు. తన శిలపై చెక్కవలసిన మాటలను తానే వ్రాసియుంచెను. అధ్యక్ష పదవి ప్రసక్తి యందు లేదు. యాత్రికులు ఆ శిలను పెచ్చులుగా కొట్టుకొనిపోగా మరియొకటి నిలుపవలసివచ్చెను. భక్తి యొక్కొక్కప్పుడు ఇట్లును ఉండును!

ఆ తోటలో ఆయన కాలమున పాటుపడిన బానిసలు సుమారు 400 మంది. వారి శ్మశానము నేడు యాత్రికుల కారులు నిలుపు స్థలము ప్రక్కన, చెట్ల నీడలో నున్నది. పేరు చెక్కిన రాయి యొక్కటియు లేదు. 2000, 2001 సంవత్సరములలో పరిశోధకులు పైమన్ను మాత్రము తొలగించి, అస్థికలను కదపక, 40కి పైగా సమాధులున్నవని తేల్చిరి.

విచిత్రమేమనగా, వారి పేర్లు నశింపలేదు. ఎవరు ఎన్నడు పుట్టిరి, ఎవరికెంత బట్ట ఇచ్చిరి, అన్నియు యజమాని లెక్కల పుస్తకమున ఆయన చేతివ్రాతతోనే యున్నవి. పేర్లు ఒకచోట, గోతులు వేరొకచోట. 1827 జనవరిలో అప్పులకై ఆ బానిసలను వేలము వేసిరి. ఏ గోతిలో ఎవరుండిరో చూపగలవారు నలుదిక్కులకు చెదరిపోయిరి. 1831లో ఇల్లు అన్యుల పాలైనను, కుటుంబ శ్మశానమును మాత్రము వంశీకులు విడువలేదు. సాలీ హెమింగ్స్ అను బానిస స్త్రీ సంతతివారు తామును జెఫర్సన్ బిడ్డలమే యనగా, 1998 నాటి జన్యుపరీక్ష ఆ మాటను బలపరచెను. అయినను 2002లో వంశీకుల సంఘము వారిని చేర్చుకొన నిరాకరించెను.

చెరకు తోటలకు పోయిన కూలీలు బానిసలు కారు. వారికి ఒడంబడిక యుండెను, గడువుండెను. ఈ భేదమును మరువరాదు. కాని 1860లో మద్రాసునుండి నేటాలుకు ట్రూరో ఓడలో పోయినవారిని తలచుడు. ఓడ పట్టీలో వారి సంఖ్య, పేరు, ఊరు కలవు. చెరకు చేల అంచున మన్నైనవారిలో ఎందరి చోటు మనుమలకు తెలియును?

శాస్త్రము ఈ స్థితిని ముందే తలచినది. తర్పణాంతమున కర్త తడివస్త్రమును పిండి, ఆ నీటిని తన కులమున సంతతి లేక గతించినవారికి విడుచును. వారి నామములు పలుకనక్కరలేదు. పేరు తెలిసియు పలుకనివానికి మాత్రము ఈ వెసులుబాటు చెప్పబడలేదు.

మాంటిసెల్లోలో 1993 నుండి ఆ బానిసల సంతతివారిని వెదకి, వారి ఇండ్లలోని వృద్ధులు చెప్పు పేర్లను లెక్కల పుస్తకముతో సరిచూచుచున్నారు. ఏ గోతి ఎవరిదో ఇంకను తేలలేదు.