పర్ణశాలకు తావు

శ్రీమద్రామాయణము అరణ్యకాండలో శ్రీరామచంద్రుడు అగస్త్యమహర్షి సెలవు గైకొని పంచవటికి చేరిన ఘట్టము భక్తలోకమునకు సుపరిచితము. అచ్చట కొంతకాలము నివసింపదలచిన స్వామి, నేర్పరియైన తమ్ముడే అనువైన చోటు వెదకవలెనని పలికెను. ఆ మాటకు లక్ష్మణుడు సంతోషింపలేదు. అంజలి ఘటించి, నూరేండ్లు గడచినను తాను స్వామికి పరతంత్రుడనే యనియు, ఇచ్చట కట్టుమని స్వామియే ఆజ్ఞాపింపవలెననియు విన్నవించుకొనెను. జీవుని పారతంత్ర్యమునకు ఇంతకు మించిన నిదర్శనము లేదని శ్రీవైష్ణవాచార్యులు ఈ ఘట్టమును కాలక్షేపములలో తనివితీర వివరించుచుందురు.

ఆ పిమ్మట జరిగినది మాత్రము సాధారణముగ త్వరగా చదివి దాటిపోవుదుము. స్వామి తమ్ముని చేయి తన చేతితో పట్టుకొని ఒక తావు చూపెను. సమతలమైన నేల, పూచిన చెట్లు, దాపున తామరకొలను, తిరుగాడు మృగములు. గోదావరి ఎంత దూరముననున్నదో కూడ మహర్షి చెప్పక విడువలేదు. అతిదూరమున లేదు, అతిసమీపమునను లేదు. నీరు తెచ్చుకొనుటకు దగ్గర. వరద వచ్చినప్పుడు తప్పుకొనుటకు దూరము. సముద్రమునే శాసింపగలిగిన ప్రభువు, ఒక నది నడచు దారికి చోటు విడిచి తన పర్ణశాల కట్టించుకొనెను.

అదే గోదావరి జగిత్యాల జిల్లాలోని ధర్మపురి లక్ష్మీనృసింహస్వామి సన్నిధిని ఒరసికొని ప్రవహించుచున్నది. ఫాల్గుణమాసమున బ్రహ్మోత్సవములకు కోరుట్ల, మెట్‌పల్లి వైపులనుండి వచ్చు యాత్రికులు పూర్వము కచ్చురములు కట్టుకొని, మామిడితోపులలో విడిసి, దారిపొడవున పసుపుచేలను, వరిమళ్లను చూచుచు వచ్చెడివారు. నేడు 63వ సంఖ్య జాతీయరహదారిపై బస్సులో కూర్చున్నవారికి జగిత్యాల సమీపించుకొలది కనబడునది వేరు. ఎఱ్ఱమట్టి పోసి చదును చేసిన బయలు, రంగు పూసిన హద్దురాళ్లు, గాలికి రెపరెపలాడు జెండాలు, ముందొక కమాను. దానిని జనులు 'వెంచరు' అందురు. ఆ కమానుమీద తరచుగ స్వామివారి నామమే యుండును. అది చూచి చేతులెత్తి మ్రొక్కు ముసలివారును లేకపోలేదు!

రైతు ఆ భూమిని ఎకరములలోను గుంటలలోను చెప్పుకొనెను. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 గజములు. కొనువాడు గజములలోనే అడుగును. కొలత మారినదే తడవుగా ఆ నేలకు సంబంధించిన మాటలన్నియు మారిపోవును. తరి, చెలక, ఒరము, తూము, మత్తడి అనునవి పోయి తూర్పుముఖము, మూలప్లాటు, నలువది అడుగుల రోడ్డు అనునవి వచ్చును.

ఇండ్లు కట్టుకొనుట తప్పని చెప్పుటకు ఈ మాటలు వ్రాయుట లేదు. గృహస్థాశ్రమము తక్కిన మూడాశ్రమములకు ఆధారమైనది. గృహము లేని గృహస్థుడు అతిథినెక్కడ కూర్చుండబెట్టును? నివేదన ఎక్కడ సమర్పించును? ఈ ప్రాంతమున ఇంటి కొరత చిన్నది కాదు. 2016 అక్టోబరులో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. కార్యాలయములు, ఉద్యోగులు, విద్యార్థులు వచ్చిరి. 2017లో రైలుమార్గము జగిత్యాల, కోరుట్లల మీదుగా నిజామాబాదు వరకు పూర్తియైనది. వీనికంటె ముందే మరియొక కారణమున్నది. ఈ మూడు పట్టణముల చుట్టునున్న పల్లెలలో దుబాయి, మస్కటు వెళ్లిన బిడ్డ లేని వాడ అరుదు. అచ్చట ఎండలో, ఇనుపపనిలో, పదిమంది నిదురించు గదిలో గడపిన ఏండ్లన్నియు చివరకు ఈ నేలపై రెండు గదులై నిలుచును. ఆ ఇంటిని దురాశయని పిలుచుటకు ఎవరికి నోరు వచ్చును? సిరిసిల్ల నేతకార్మికులలో సాంచాల మోతలోనే అద్దెగదులలో జీవితము వెళ్లబుచ్చినవారెందరో కలరు. 2021 జూలైలో సిరిసిల్ల చెంత మండెపల్లిలో ప్రభుత్వము నిర్మించిన 1,320 ఇండ్లు ప్రారంభమైనప్పుడు ఎందరో పేదలకు తొలిసారి సొంత గడప దొరకినది. సొంత గడపకు పసుపు పూయుటలోని ఆనందము ఎట్టిదో పసుపు పండించు కోరుట్లవారికి వేరుగ చెప్పనక్కర లేదు.

కనుక లక్ష్మణస్వామి అడిగిన ప్రశ్నయే మిగులుచున్నది. ఎచ్చట?

గోకులమున ఉత్పాతములు మిక్కుటమైనప్పుడు నందాదులు ఊరు మార్చిన కథ భాగవతమున గలదు. వృద్ధుడైన ఉపనందుడు వృందావనమును సూచించెను. అచ్చట పశువులకు పచ్చిక గలదు, కొండ గలదు, నీరు గలదు. ఇవి చూచిన పిమ్మటనే గోపకులు బండ్లు కట్టిరి. ఆలమందలను ముందు నడపిరి, పిన్నలను పెద్దలను బండ్లపై నెక్కించిరి, వృందావనము చేరి శకటములను అర్ధచంద్రాకారముగ నిలిపి నివాసమేర్పరచుకొనిరి. అది ఆనాటి క్రొత్త కాలనీ. పచ్చికను త్రవ్వి ఇండ్లు కట్టుకొని, పిదప ఆవులను అమ్ముకొనవలెనను తలంపు వారికి కలుగలేదు. ఇప్పటి పల్లెలలో బంచరాయి యెంత మిగిలినదో, ఇంటింట ఆవు ఏల కనబడుట లేదో ఆ రెండు సంగతులను ఒకచోట నుంచి ఆలోచింపవలసియున్నది. గృహప్రవేశమునకు ముందుగా గోవును నడిపింపవలెనన్న ఎవరిదో ఆవును కిరాయికి తెచ్చుట పట్టణములలో వాడుకయైనది.

జగిత్యాల నేల సామాన్యమైనది కాదు. 1963లో పోచంపాడువద్ద శ్రీరామసాగర ప్రాజెక్టునకు శంకుస్థాపన జరిగినది. తరువాతి దశాబ్దములలో కాకతీయకాలువ ఈ ప్రాంతమునకు నీరు తెచ్చినది. జగిత్యాల శివారులోని పొలాస పరిశోధనస్థానమున రూపొందిన వరి వంగడమునకు 'జగిత్యాల సన్నాలు' అనియే పేరు. పేదవాని వండిన అన్నమైనను, పెరుమాళ్ల తళిగయైనను ఆ గింజకు తెలియును. కాలువ త్రవ్వుటకు, బోదెలు తీయుటకు, నేల చదును చేయుటకు ఒక తరము పట్టినది. ఒక పొక్లెయిను దానినంతను వారము దినములలో గట్లు లేకుండ చేయగలదు. మరల వరి పండింపవలెనన్న ఆ ఎఱ్ఱమట్టి క్రిందినుండి నల్లమట్టిని ఎవరును పైకి తీయలేరు.

ధనుర్మాసమున తిరుప్పావై మూడవ పాశురము విన్నపము చేయునప్పుడు గోదాదేవి కోరిన లోకమెట్టిదో భక్తులకు తెలియును. త్రివిక్రముని కీర్తించినచో నెలకు మూడు వానలు కురియుననియు, ఎత్తుగా పెరిగిన వరిలో చేపలెగురుననియు ఆ తల్లి పాడినది. ఆ పాశురమును వెంచరులోని క్రొత్త ఇంట పాడు గృహిణి కిటికీ తెరచి చూచినచో, నిరుడు ఆ వరి అచ్చటనే యుండెను.

పొలముకంటె గొప్ప చిక్కు చెరువుది. మన పెద్దలు చెప్పిన సప్తసంతానములలో తటాకమొకటి. కన్నకొడుకుతో సమానముగ లెక్కించిరి. చెరువు నిండినప్పుడు మునుగు నేలకు ఈ ప్రాంతమున 'శిఖము' అని పేరు. అందులో కొంత ప్రభుత్వముది, కొంత పట్టాదారులది. పట్టాయున్నను నీరు తగ్గినప్పుడు సాగు చేసికొనుటయే కాని ఇల్లు కట్టుట చెల్లదు. వానలు తక్కువైన నాలుగేండ్లు గడచుసరికి ఆ శిఖమే నున్నని బయలుగ కనబడును. చూడవచ్చినవానికి చెరువు కనబడదు, చౌకధర మాత్రము కనబడును.

2021 సెప్టెంబరు 7వ తేదీన సిరిసిల్లకు ఆ చెరువు జ్ఞాపకము వచ్చినది. ఎడతెగని వర్షమునకు ఎగువ నీరంతయు దిగివచ్చి, కొత్తచెరువు పొంగి, వీధులు వాగులైనవి. నేతపనివారి వాడలలోనికి నీరు చొచ్చినది. సాంచాలు, నూలు తడిసినవి. జనులను ఆదుకొనుటకు హైదరాబాదునుండి సహాయబృందములు రావలసివచ్చినది. మండెపల్లిలో గృహప్రవేశములు జరిగి అప్పటికి రెండు మాసములే. నీటికి పగ లేదు. తన పాతదారి తనకు తెలియును, ఆ దారిన వచ్చును. దారిలో ఇల్లున్నదా గుడియున్నదా అని అది విచారింపదు. ఆ ఇండ్లలో నివసించువారు పాపము చేసినవారని ఎవరైన తలచినచో అది ఘోరమైన పొరపాటు. దారిని మూసి ముక్కలుచేసి అమ్మినవాడు మరియొకచోట ఎత్తైన మేడలో నుండును. కొన్నవాడు మోకాలిలోతు నీటిలో నిలుచును.

ఇట్టి సందర్భమున ద్వారక తలంపునకు రాక మానదు. జరాసంధుని దాడులనుండి యాదవులను రక్షింపగోరి శ్రీకృష్ణపరమాత్మ పండ్రెండు యోజనముల నేలను సముద్రుని యాచించెనని విష్ణుపురాణము చెప్పుచున్నది. సర్వేశ్వరుడు యాచించెను! ఆక్రమింపలేదు. యాచించి పుచ్చుకొన్నది గనుక తిరిగి ఇచ్చివేయవలసిన దినమొకటి వచ్చినది. స్వామి అవతారసమాప్తి కాగానే సముద్రుడు వచ్చి తన నేలను తాను తీసికొనెను. భగవంతుని మందిరమొక్కటి తప్ప ద్వారకయంతయు మునిగినది. సముద్రుడు దొంగిలించెనని ఏ పురాణకర్తయు వ్రాయలేదు.

నీటికి చోటు విడువవలెనను విషయము ఇప్పటి శాసనములలోను లేకపోలేదు. 2012 నాటి భవననిర్మాణ నియమముల ప్రకారము 10 హెక్టార్లు అంతకు మించిన చెరువుల పూర్తిమట్టపు హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువులు, కుంటలనుండి 9 మీటర్లు నిర్మాణము లేకుండ విడువవలెను. 10 మీటర్ల వెడల్పు దాటిన వాగులకు 9 మీటర్లు, చిన్న కాలువలకు 2 మీటర్లు. పంచవటిలో ప్రభువు కంటితో కొలిచిన దూరమునకు ఇవి నేటి అంకెలు. అయినను 2020లో అనుమతిలేని లేఅవుట్లను క్రమబద్ధము చేయుదుమని ప్రభుత్వము ప్రకటించినప్పుడు తెలంగాణమంతట సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చినవి. అనుమతి కలదో లేదో తెలిసికొనకయే, లేక తెలిసియు, అంతమంది డబ్బు కట్టియుండిరి. చెరువులో మునుగు ప్లాటునకు క్రమబద్ధీకరణ రుసుము చెల్లించినంత మాత్రమున చెరువు వినునా?

ఇందుకు మారుముఖమైన కథ కూడ సిరిసిల్ల జిల్లాలోనే యున్నది. ఇచ్చట నీరు ఇండ్లమీదికి వచ్చుట కాదు, నీటికొరకు ఇండ్లే లేచిపోయినవి. మానేరునదిపై మాన్వాడవద్ద కట్టిన మధ్యమానేరు జలాశయము సుమారు 25 టి.ఎం.సి.ల నీటిని నిలుపునది. వరదవెల్లి, కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ, చింతల్‌ఠాణా, అనుపురము, రుద్రవరము మొదలగు పల్లెలు అందులో మునిగినవి. ఆ నీటివలన దూరపు పొలములెన్నియో పండుచున్నవి. ఆ మేలును కాదనరాదు. పల్లెజనులు మాత్రము వరుసగా గీతలు గీచిన కాలనీలకు చేరిరి. ఇల్లు మరల కట్టుకొనవచ్చును. ఇంటివెనుక పెరడు, ఊరిబయట పొలము, పొలిమేర దేవతకు నీడనిచ్చు వేపచెట్టు పరిహారపు పట్టీలో ఏ పద్దు క్రింద వ్రాయుదురు? వరదవెల్లి గుట్టపైనున్న దత్తాత్రేయస్వామి ఆలయము చుట్టును నీరు చేరి ద్వీపమైనది. భాగవతము విష్ణ్వంశముగ కీర్తించిన ఆ స్వామిని దర్శింప ఇప్పుడు పడవ యెక్కవలెను. వేసవిలో నీరు తగ్గినప్పుడు పాత ఊరివారు వచ్చి, బురదలో తేలిన మొండిగోడలలో తమ వాకిలి యేదో గుర్తుపట్టి, కాసేపు నిలిచి వెళ్లుదురు. ఉపనందుని మాటపై వలసవెళ్లిన గోపకులు తమ చోటు తామే యెంచుకొనిరి. వీరిని ఎవరును చేయిపట్టుకొని తావు చూపలేదు.

భూమిపూజ చేయునప్పుడు పురోహితుడు చెప్పించు సంకల్పములో క్షమాప్రార్థన యున్నది. భూదేవి శ్రీమన్నారాయణుని దేవేరి. వరాహమూర్తి కోరపై నిలిపి ఉద్ధరించిన తల్లి. ఆమెపై కాలు మోపుటకే ప్రతి ఉదయమున మన్నింపు కోరు సంప్రదాయము మనది, గునపము దింపుటకు కోరవలదా? చిత్రకూటమున ఆకులపాక వేసికొనినప్పుడు కూడ శ్రీరాముడు వాస్తుశాంతి జరిపిన పిమ్మటనే లోపల అడుగిడెను. నేటి గృహస్థులు ఆ కర్మను లోపము లేకుండ జరిపింతురు. ఈశాన్యమున బావి, ఆగ్నేయమున వంట, సింహద్వారమునకు ముహూర్తము, అన్నియు పదిమందినడిగి నిశ్చయింతురు. అడుగవలసిన మరియొక మాట బయానా ఇచ్చుటకు ముందే అడుగవలసినది. దానికి సమాధానము పంచాంగములో దొరకదు, వెంచరు కమాను క్రింద కుర్చీ వేసికొన్నవానివద్దను దొరకదు.

ఆ ఊరి నీరటికి తెలియును. తూములెత్తి, మత్తడి పారినప్పుడు రాత్రులు కట్టపై పడుకొని చెరువును కాచిన కుటుంబము వారిది. ఇప్పుడా పని లేకున్నను ఏ వానకు నీరెంతవరకు వచ్చెనో, ఏ ఒర్రె ఎటు పారెనో, ఏ మడిలో చేపలు దొరకెనో వృద్ధులు మరువలేదు. ఇంటిల్లిపాది ప్లాటు చూడబోయినప్పుడు, ఊరిలోనికి నాలుగడుగులు నడచి, ఆ పెద్దను పిలిచి, "తాతా, ఇక్కడ నీళ్లు నడిచేవా?" అని అడిగినచో ఆయన చేయిపట్టుకొని తీసికొనిపోయి చూపును.