పక్షవాతము – పురుషకారము

దొడ్డబళ్ళాపురము తాలూకాలోని ఘాటి సుబ్రహ్మణ్యక్షేత్రమున ఒకే శిలయందు సర్పరూపుడగు సుబ్రహ్మణ్యస్వామి తూర్పుమొగముగను, నరసింహస్వామి పడమటిమొగముగను వెలసియుండుటచే, వెనుకటిమూర్తి భక్తులకు కానవచ్చుటకై గర్భాలయమున అద్దమొకటి నిలిపియున్నారు. సంతానార్థులు నాగప్రతిష్ఠలు చేయు నా సన్నిధికి, కాలు చేయి పడిపోయినవారిని బంధువులు పట్టుకొని తెచ్చుటయు వింతగాదు. అట్టి రోగిని చూచి పెద్దలనుమాట ‘ప్రారబ్ధము, అనుభవింపక తప్పదు’ అని. వ్యాయామచికిత్సకుడనుమాట ‘మంచము దిగి లేచుట అభ్యసింపుము’ అని. ఈ రెండుమాటలకును విరోధము కలదా?

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున, ఏ కర్మమునకైనను కారణములైదని చెప్పి, అధిష్ఠానమగు శరీరమును, కర్తను, కరణములను, చేష్టలను ముందు పేర్కొని, దైవమును అయిదవదిగా లెక్కించుట గమనింపదగినది. తొలినాలుగింటిని విడిచి అయిదవదానినే పట్టుకొని కూర్చుండువానిని శాస్త్రవిశ్వాసియనుటకు నాకు నోరాడదు. వ్యాధిపీడితుని ఎదుట పూర్వజన్మపాపమును ప్రస్తావించుట, వేదాంతము మాట అటుండగా, మర్యాదయైనను గాదు.

పక్షవాతమున చెడునది కాలు గాదు. రక్తనాళము మూసికొనుటచేతనో చిట్లుటచేతనో, ఆ కాలిని నడపు మెదడుభాగము. చచ్చిన కణములు తిరిగి బ్రదుకకున్నను, ఒకేపనిని పలుమారులు చేయించినచో మిగిలినభాగములు ఆ పనిని కొంతవఱకు నేర్చుకొనును. అందుచేతనే చికిత్స యంతయు ఆవృత్తిమీద నడచును. రోగి కుర్చీ అంచునకు జరిగి, పాదములను మోకాళ్ళకంటె కొంచెము వెనుకకు తీసి నేలపై సమముగా మోపి, ముక్కు కాలివ్రేళ్ళమీదికి వచ్చునంతగా ముందుకు వ్రాలి లేవవలెను. బలమైన కాలిమీదనే భారమంతయు వేయగోరుట సహజముగావున, పడిన కాలిమీద మోపుటయే ఇందలి తపస్సు. పిమ్మట కిటికీ ఊచ పట్టుకొని నిలిచి, అటునిటు భారము మార్చుట. ఆపై రెండువైపులకును తిరుగుట. ప్రదక్షిణము చేయువారికి కుడివైపు మలుపే చాలును గాని, దొడ్డబళ్ళాపురపు మరమగ్గముల నడుమ ఇరుకుదారిలో మసలి పొట్టపోసికొనువానికి ఉభయపార్శ్వముల మలుపులును కావలయును. సాయపడువాడు పడినప్రక్కనే నిలిచి నడుమునకు చేయి ఆనింపవలెనే కాని, చేయిపట్టి లాగరాదు, భుజసంధి జారును.

ఇందు ప్రేమచే కలుగు అపకార మొకటి కలదు. కోడలు అన్నము కలిపి పెట్టును, కొడుకు చొక్కా తొడుగును. రోగియు ఆ చేయి తనది కాదన్నట్లు మఱచును. స్పర్శజ్ఞానము తొలగింపబడిన చేతిని కోతులు వాడుటయే మానివైచి, మంచిచేతిని కట్టివేయగా తిరిగి దానిని వాడుకొనుటను ఎడ్వర్డ్ టౌబ్ అను శాస్త్రజ్ఞుడు చూచి, పక్షవాతరోగులకు చికిత్సగా మార్చెను. బంధువుల కరుణయందును కొంత కాఠిన్యముండవలెననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. పడినచేతికే మరియొక ఉపాయమును కలదు. 1999లో విలయనూరు రామచంద్రన్ మున్నగు శాస్త్రజ్ఞులు లాన్సెట్ పత్రికలో ప్రకటించిన పద్ధతియందు రెండుచేతుల నడుమ అద్దము నిలుపుదురు. మంచిచేతి ప్రతిబింబము పడినచేతివలె కానవచ్చి, దాని చలనమును ప్రేరేపించును. ఘాటి అద్దముతో దీనికి చుట్టరికము కలుపుట నా ఉద్దేశము గాదు. అద్దమును ఉపాయముగా గైకొనుట ఉభయత్ర కలదనుటయే.

యోగసూత్రములు అభ్యాసము దృఢపడుటకు దీర్ఘకాలము, నైరంతర్యము, ఆదరము అను మూడింటిని విధించినవి. నేడు పదిమార్లు లేచినవానికి రేపే ఫలము కనబడదు. కనబడకున్నను మరల లేచుటకు పూనుకొనువాడు, సుఖాసీనులమై ఫలత్యాగమును గూర్చి ప్రసంగించు మనకంటె ఆ ధర్మమునకు చేరువనున్నవాడు. అతని అభ్యాసమును పూజకు ప్రత్యామ్నాయమని గాక, పూజయందే యొక భాగమని నేనెంచుచున్నాను.

కావున మ్రొక్కుకొనువారు మ్రొక్కుకొందురు గాక. ఇంట నట్టి రోగి కలవారు మాత్రము వైద్యుని, వ్యాయామచికిత్సకుని సంప్రదించి, ఏ అభ్యాసము ఎన్నిమార్లు చేయింపవలెనో అడిగి తెలిసికొని, మంచిరోజు చూడక వెంటనే ఆరంభింపుడని నా ప్రార్థన.