కోర్టు మెట్లెక్కితే కాపురం పోయినట్టేనా?



సూర్యలంకలో ఒక ఇల్లాలిని ఊహించుకోండి. తెల్లవారుజామున తీరానికి వచ్చిన చేపలను గంపకెత్తుకుని బాపట్ల వెళ్లి అమ్ముకు వస్తుంది. రాత్రి తిన్న దెబ్బలను పైటకొంగు కింద దాచుకుంటుంది. ఓర్చుకోలేక పుట్టింటికి వెళితే "పిల్లల మొహం చూసి సర్దుకుపో అమ్మా" అన్నారు. పెద్దల దగ్గరికి వెళితే అతనితో తప్పయిందనిపించి పంపించారు. చివరికి గుడికి వచ్చింది. "నీ సిలువ నువ్వే మొయ్యాలి" అన్న మాట అక్కడా వినబడితే ఇక ఆమె తట్టవలసిన తలుపేది?

ఆ సిలువ మాట మనం చాలా తేలికగా వాడేస్తున్నాం. క్రీస్తు ప్రభువు తన సిలువను తానే ఎత్తుకున్నారు గాని ఇంకొకరి వీపు మీద పెట్టలేదు. నజరేతువారు కొండ కొమ్ము నుండి తోసివేయబోయినప్పుడు వారి మధ్య నుండి తప్పుకుని వెళ్లిపోయారు కూడా (లూకా 4). వచ్చిన ప్రతి దెబ్బనూ తినాలని ఆయన నేర్పలేదు. "తాగి ఉన్నాడు, తెలియక కొట్టాడు" అంటాం. ఆ తాగినవాడు దారిలో ఎదురైన ఎస్సైని కొట్టడు. ఇంటికి వచ్చి భార్యను కొడతాడు. మత్తులోనూ మనిషిని ఎంచుకుంటున్నాడన్నమాట.

పీఠం ముందు ఇచ్చిన మాట తప్పినట్టవుతుందేమోనని భయపడే తల్లులు ఉన్నారు. వారి కోసమే ఇది రాస్తున్నాను. భాగస్వామి వల్ల గాని, బిడ్డలకు గాని ఆత్మకో శరీరానికో తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు విడిగా ఉండడానికి 1983 నాటి శ్రీసభ చట్టసంపుటిలోని 1153వ చట్టం అనుమతిస్తుంది. ఆలస్యం ప్రమాదకరమైతే ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కరలేదు. దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు 2016లో కుటుంబ జీవితంపై వెలువరించిన పత్రంలో మరొక అడుగు ముందుకు వేసి, బలహీనులను కాపాడడానికి అలాంటి ఎడబాటు ఒక్కొక్కసారి నైతికంగా అవసరమే కావచ్చునన్నారు. వివాహ బంధం చెదరదు. దెబ్బలు మాత్రం ఆగుతాయి.

దేశ చట్టం చెప్పేదీ దీనికి దూరంగా లేదు. కోర్టు అనగానే విడాకులనుకుంటాం. 2005లో చేసి, 2006 అక్టోబరు 26 నుండి అమలైన గృహహింస చట్టం కింద విడాకులు అడగనక్కరలేదు. కొట్టవద్దని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇల్లు భర్త పేరున ఉన్నా ఆమెను అందులోనుండి గెంటివేయడానికి వీల్లేదు. తనకూ పిల్లలకూ ఖర్చులు ఇప్పించమని అడగవచ్చు. ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. స్త్రీ శిశు సంక్షేమ శాఖ ద్వారా రక్షణాధికారిని కలిసి ఫిర్యాదు రాయించుకోవచ్చు.

"ప్లీడరు ఫీజు ఎక్కడ తెచ్చేది?" అంటారు. తేనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1995 నవంబరు నుండి అమలులో ఉన్నది, ఆడవారికి ఆదాయం ఎంత అని అడగకుండానే ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. కోర్టు ఫీజు కూడా వారే భరిస్తారు. బాపట్ల, రేపల్లె, తెనాలి కోర్టులలోని మండల న్యాయసేవాధికార కమిటీలో అడగవచ్చు. 15100కు ఫోను చేయవచ్చు. సహాయం కోసం 181, ప్రాణభయం ఉంటే 112. దెబ్బలు తగిలిన రోజున ఆసుపత్రిలో ఇచ్చిన చీటీని పారెయ్యకండి. రేపు అదే సాక్ష్యం.

ప్లీడరు ఉచితమే గాని కోర్టు ఉచితం కాదు. వాయిదా ఉన్న రోజు గంప ఎత్తరు, ఆ రోజు కూలి పోయినట్టే. బస్సు ఛార్జీ ఉంది. దరఖాస్తును అరవై రోజులలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా, వాయిదాలు ఎలా సాగుతాయో తెలియనిదెవరికి? అన్నిటినీ మించి "మొగుణ్ణి కోర్టుకీడ్చింది" అన్న పేరు. ఆ చివరి ఖర్చు ప్రభుత్వం వేసింది కాదు, గుడిలో ఆమె పక్కన కూర్చునే మనం వేసింది. "సర్దుకుపో" అన్న సలహా అందరికీ చవకగా కనిపిస్తుంది, ఎందుకంటే దాని ఖరీదు చెల్లించేది ఆమె ఒక్కతే.

అబద్ధపు కేసుల మాటేమిటని అడిగే అన్నలూ ఉన్నారు. ఉండవచ్చు, అందుకే న్యాయమూర్తి అతనికీ నోటీసు పంపి, అతని మాటా వింటారు. మన అరుగు మీది తీర్పులో ఆమె మాట ఎంతసేపు విన్నాం?

ఎడతెగక ప్రార్థించమని నేర్పడానికి ప్రభువు ఎవరిని ఉదాహరణగా తీసుకున్నారో గుర్తుందా? గుళ్లో మోకరించిన భక్తురాలిని కాదు, న్యాయం కోసం న్యాయాధిపతి చుట్టూ విసుగు లేకుండా తిరిగిన ఒక వితంతువును (లూకా 18). ఆమె వెంట ఎవరైనా వెళ్లినట్టు ఆ కథలో లేదు. సూర్యలంక నుండి బాపట్ల కోర్టుకు వెళ్లే ఆడకూతురి వెంట మరియదళం అక్కయ్యలలో ఒకరు వెళ్లలేరా? సాయంత్రం దాకా ఆమె పిల్లలకు మరొకరు అన్నం పెట్టలేరా? గోడ అవతలి కేకలు విన్న పొరుగువారు కూడా రక్షణాధికారికి తెలియజేయవచ్చు; సదుద్దేశంతో చెప్పినవారికి ఏ చిక్కూ రాకుండా ఆ చట్టమే కాపాడుతుంది.

గుడి గుమ్మం దగ్గర పెళ్లి ప్రకటనలు అంటించే బోర్డు ఉంటుంది కదా, దాని మీదే 15100 అని పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ఒకటి అంటించండి. ఎవరైనా చించివేస్తే మళ్లీ అంటించండి.