చీకటి నవలలూ, బడి గాయాలూ

హింసను చిత్రించే నవల హింసను పెంచుతుందా? స్టీఫెన్ కింగ్ 1977లో వెలువడిన తన 'రేజ్' నవలను, బడుల్లో విద్యార్థులు జరిపిన కాల్పుల తర్వాత, తానే ముద్రణ నుంచి ఉపసంహరించుకున్నాడు. ఆ బాధ్యతను గౌరవిస్తాను. దాన్నే అందరికీ సూత్రం చేయటాన్ని ఒప్పుకోను.

ఆబిడ్స్ పాత పుస్తకాల బజారులో కొని, కాచిగూడ గదిలో నేను చదివిన నవీన్ 'అంపశయ్య' (1969) ఉస్మానియా విద్యార్థి రవి ఒకరోజు వేదన. ఆ చీకటి పేదరికంలోంచి వచ్చింది. 1972లో ఆ విశ్వవిద్యాలయ ఆవరణలోనే జార్జిరెడ్డి హత్య జరిగింది. ఆ కత్తిని నూరింది రాజకీయ వైరమేగాని నవల కాదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను నిషేధించింది. బెత్తం మాత్రం మాయం కాలేదు. గాయాన్ని రుచి చూపే రచనను విమర్శిద్దాం. గాయపరచిన చేతిని చూపే రచనను పిల్లలకు అందకుండా దాచటం మాత్రం ఆ చేతికి కాపలా కాయటమే.