రానున్న రోగి వాటా

పీహెచ్‌సీ బీరువాలో పాముకాటు మందు పది వయల్స్ ఉన్నాయి. కాటు తిన్న కూలీ ఒకరిని తీసుకొచ్చారు. విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తే మొదటి విడతకే ఎనిమిది నుంచి పది వయల్స్ ఎక్కించాలి. తెల్లారేలోగా మరొకరు వస్తే? వాళ్ల కోసం సగం దాచడం ధర్మమా?

కాదు. సగం మోతాదుతో ఇద్దరూ దక్కరు. ఎదుట ఉన్న ప్రాణానికే ఆ క్షణంలో వైద్యుడు బాధ్యుడు. అలాగని రెండో మనిషి ప్రశ్న చెరిగిపోదు. అది నెలల వెనక్కి, మందుల ఇండెంట్ రాసిన చేతి దగ్గరికి వెళ్తుంది. నాట్ల వేళ పాముకాట్లు పెరుగుతాయని తెలిసీ వేసవికి సరిపడినంతే తెప్పించి ఉంటే, ఈ ధర్మసంకటం ఆ కాగితం మీదే పుట్టింది.

ఇలా ముందే లెక్క వేసి ఉంచడమూ దానంలో భాగమే. కానీ దానమంటే ఇచ్చే చెయ్యే మనకు గుర్తొస్తుంది, పద్దు గుర్తు రాదు. పాత శాసనాలకు మాత్రం పద్దే ప్రాణం. అమరావతి దగ్గరి మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉంది. రుద్రమదేవి హయాంలో గోళకీ మఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యులకు దక్కిన గ్రామాదాయంలో మూడో వంతును ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి రాశారు. ఎవరికో జాలి కలిగే దాకా బాలింత ఎదురుచూడక్కర్లేదు. అంతకు పదిహేను వందల ఏళ్ల ముందు అశోకుడు చెక్కించిన రెండో శిలాశాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద నేటికీ ఉంది. మనుషులకూ పశువులకూ పనికొచ్చే మూలికలు లేనిచోట వాటిని తెప్పించి నాటించినట్టు అది చెబుతుంది. వైద్యంతో పాటు మందుల సరఫరా కూడా రాజధర్మమేనని అప్పుడే ఒప్పుకున్నారన్నమాట.

ఖర్చు దగ్గరే అసలు చిక్కు. 1995లో పని మొదలుపెట్టిన తమిళనాడు వైద్య సేవల సంస్థ జెనరిక్ పేర్లతో ఒకేచోట టెండర్లు పిలిచింది, జిల్లాల్లో గోదాములు కట్టింది, ప్రతి ఆస్పత్రికీ పాస్‌బుక్ ఇచ్చింది. తన వాటా మేరకు ఆస్పత్రి తనకు కావలసిన మందు తీసుకుంటుంది. కంపెనీ పేరు కనబడకుండా నమూనాలు ల్యాబ్‌లకు పోతాయి. రాజస్థాన్ 2011 అక్టోబర్ 2న ఉచిత మందుల పథకం పెట్టినప్పుడు దాదాపు ఇదే దారి పట్టింది. ఇక్కడ బేరమాడటం పిసినారితనం కాదు. ఒక మాత్ర మీద మిగిలిన పైసలు మరొకరి ఇన్సులిన్ అవుతాయి.

కానీ చౌక ఒక్కటే కొలత అయితే ప్రమాదం. కాన్పు తర్వాత రక్తస్రావాన్ని ఆపే ఆక్సిటోసిన్ ధర తక్కువే. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచకపోతే సత్తువ పోతుంది, చూపుకు మాత్రం ఏ తేడా ఉండదు. రిజిస్టర్‌లో నిల్వ ఉన్నట్టే కనిపిస్తుంది, తల్లికి మందు లేనట్టే. ఇక హీమోఫీలియా పిల్లవాడికి కావలసిన ఫ్యాక్టర్ 8 ఖర్చుతో ఎందరికో బీపీ మాత్రలు కొనొచ్చు. సంఖ్యలు చూసి ఆ పిల్లవాణ్ని జాబితా నుంచి కొట్టేయగలమా? కొట్టేయకూడదు. అందుకే స్టోరు లెక్కలో ఏటా అయ్యే ఖర్చు ప్రకారం ఒక వరుస, ప్రాణావసరం ప్రకారం మరో వరుస వేసి రెండూ కలిపి చూస్తారు. ఈ రెండో వరుసను మరిచిన పొదుపు క్రూరత్వమే.

అంతకంటే క్షమించరానిది, మార్చి నెలాఖరులో నిధులు మురిగిపోతాయని అక్కర్లేని సిరప్‌లు కొని గడువు తీరాక పారబోయడం. దాన్ని ఆపడానికి పెద్ద తత్వమేమీ అక్కర్లేదు. ముందు గడువు తీరేది ముందు వాడాలి. వాడకం లేక మిగిలేలా ఉంటే, గడువుకు మూడు నాలుగు నెలలు ఉండగానే ఫార్మసిస్టు పక్క మండలం పీహెచ్‌సీకి ఫోన్ చేసి ఆ పెట్టెలు పంపించేయాలి.