రెండు ఆజ్ఞలు ఎదురుపడినప్పుడు

చదువు భాగము: రోమీయులకు 14:1–12

మంచికిని చెడుకును నడుమ ఏది కోరవలెనో మనకు తెలియును, చేయుటయే కష్టము. మంచికిని మంచికిని నడుమ వ్యాజ్యెము వచ్చినప్పుడో? జపానువారు దీనిని నాలుగక్షరములలో నిరిత్సు హైహాన్ అందురు. రెండు ధర్మములు ఒకదానికొకటి ఎదురై నిలుచుట అని దాని భావము.

ఆ మాట మనకు క్రొత్తయైనను, ఆ సంకటము నంద్యాల, ఆళ్లగడ్డ సీమకు క్రొత్త కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘములవారు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. తనవారు ఏకమై యుండవలెనని ప్రభువు ప్రార్థించెను గదా (యోహాను 17). 1919లో తరంగంబాడిలో ఈ ప్రయత్నమును ఆరంభించినవారిలో దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు ముఖ్యులు. నంద్యాల సంఘములు ఆయన మండలములోనివే. అయినను వాటిలో అనేకులు ఆ ఐక్యతలో చేరలేదు. బిషప్పు చేతులుంచి అభిషేకింపని బోధకులును క్రొత్త సంఘములో గురువులుగా నుందురు. పితరులనుండి వచ్చిన క్రమమును ఎట్లు విడుతుమని వారి మనస్సాక్షి అడిగెను. అప్పగింపబడినదానిని కాపాడుమని తిమోతికి వ్రాయబడినదియు లేఖనమే.

చేరినవారు విశ్వాసమును అమ్ముకొనిరనుట సులభము. చేరనివారు మొండివారనుటయు సులభమే. పౌలు ఆ రెండు దారులను మూసివేయుచున్నాడు. తినువాడును తిననివాడును ప్రభువు కొరకే చేయుచున్నప్పుడు, వారి లెక్క అడుగువాడు ప్రభువే.

ఈ ముడి వాదముతో విడలేదు. సభవారి మనస్సాక్షికి విరుద్ధమైన గురువును వారిమీద పెట్టమని క్రొత్త సంఘము మాట ఇచ్చెను. ఇకమీదట గురువుల అభిషేకము బిషప్పులచేతనే జరుగునని నిర్ణయించెను. గనుక ఏండ్లు గడచినకొలది అభ్యంతరమునకు కారణమే తగ్గుచు వచ్చెను. 1963లో నంద్యాలకు ప్రత్యేక అధ్యక్ష మండలము ఏర్పడెను. 1975లో అది దక్షిణ ఇండియా సంఘములో చేరెను. నడుమ ఇరువది యెనిమిది ఏండ్లు! అంతకాలము ఒక్క ప్రభువు బల్ల రెండు బల్లలుగా నుండెను. ఆ ఓర్పు వెల లేకుండ రాలేదు.

మన ఇండ్లలోను ఇట్టివి వచ్చును. ముసలితల్లిని విడువక ఊరిలో నుండవలెనా, బిడ్డల చదువుకొరకు పట్టణమునకు పోవలెనా? అన్నదమ్ములు చెరియొక పక్షము పట్టుదురు. అప్పుడు మనలను మనమే ఇట్లు అడుగుకొందము: నా సహోదరుని కారణమును, అతడే విని అవునని ఒప్పుకొనునట్లు, నేను చెప్పగలనా? చెప్పలేనంతవరకు అతనికి తీర్పు తీర్చకుందము.

ఏదో ఒకటి ఎంచుకొనక తప్పదు. ఎంచుకొన్న పిదప రెండవ ఆజ్ఞ కొట్టివేయబడినదని తలంచకుడి. పట్టణమునకు పోయినవాడు తల్లికి ఇంకను ఋణస్థుడే.