రాని అక్షరం దగ్గర

నాయిన దుబాయ్‌లో ఉన్న రోజుల్లో, 1980ల మాట, మాక్లూర్‌లో మా ఇంటికొచ్చే ఉత్తరాలు చదివే పని నాది. అప్పుడు నాలుగో తరగతి. నానమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ వినేది. ఆమె వేళ్లు ఆగాయంటే నేనేదో తప్పు చదివినట్టు. ఒక వానాకాలం వచ్చిన ఉత్తరంలో రెండు వరుసలు నీళ్లకు అలుక్కుపోయాయి. ఆగితే చదువు రాదనుకుంటుందని, "వచ్చే నెల పైసలు పంపుత" అని సొంతంగా కలిపి చదివేశాను. ఆ మాట పట్టుకుని ఆమె షావుకారుకు గడువు చెప్పింది. పైసలు రాలేదు. నేను ఒప్పుకున్న రోజు కొట్టలేదు, తిట్టలేదు. "రాకపోతే రాలేదని చెప్పు కొడుకా, నడుమ నీ మాట కలుపకు" అంది.

ఇప్పుడు అదే ఇంట్లో కూర్చుని, లిస్ప్ కోడ్ చదివే పనిముట్టు ఒకటి రాస్తున్నాను. లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అంతా బ్రాకెట్లే. రీడర్ అనే భాగం వాటిని చూసి అక్షరాలను జాబితాలుగా కూరుస్తుంది. కామన్ లిస్ప్ అనే రకంలో ఒక ఏర్పాటు నాకు భలే ఇష్టం. ఫంక్షన్ లాంటి వాటిని తెరమీద చూపాల్సివస్తే #< గుర్తుతో మొదలుపెడుతుంది. అదే గుర్తు రీడర్‌కు ఎదురైతే ఎర్రర్ ఇచ్చి తీరాలని 1994 నాటి ఆన్సీ ప్రమాణం. అంటే, ఇది చదివేందుకు కాదని భాషే ముందుగా ఒప్పుకుంది.

చిక్కల్లా, ఎవరో అలాంటి ముక్క ఒకటి ఫైల్లో అతికిస్తే వేల వరుసల ఫైలంతా ఆగిపోతుంది. మొదట నేను నాలుగో తరగతి పనే చేశాను: తర్వాత వచ్చే > దాకా దాటేసెయ్ అని రాశాను. కానీ లోపల ఇంకో #< ఉండొచ్చు. లిస్ప్ పేర్లలో -> కూడా మామూలే. తప్పు చోట ఆగి, మిగిలిన తోకను పేర్లనుకుని, ఒక బ్రాకెట్టును ఎక్కువ లెక్కపెట్టి, కింది మూడు ఫంక్షన్లను పై ఫంక్షన్ కడుపులో పెట్టింది. ఎర్రర్ మాత్రం రాలేదు! అదీ భయం.

ఇప్పుడలా కాదు. ముక్క ఉన్న ఫంక్షన్ మొదలు నుంచి, మళ్లీ వరుస మొదట్లో బ్రాకెట్ తెరుచుకునే దాకా (ఈమాక్స్ ఎడిటర్ వాడేవాళ్లకిది పాత అలవాటే) ఉన్నదాన్ని ఉన్నట్టు, 'చదవలేదు' అన్న చీటీతో దాని చోటే ఉంచుతుంది. మిగతాదంతా చదువుతుంది. తాళపత్రాలు పరిష్కరించినవాళ్లు పాఠం పోయినచోట చుక్కలు పెట్టి 'గ్రంథపాతం' అని రాసేది ఇందుకే.

చదవరానిదానికి అర్థం లేనట్టేనా? వేదపదాలకు వ్యుత్పత్తులు చెప్పే యాస్కుడి నిరుక్తంలో, కౌత్సుడనే పండితుడు వేదమంత్రాలకే అర్థం లేదన్నాడు. కొన్ని మాటలు బోధపడవన్నది అతని కారణాల్లో ఒకటి. గుడ్డివాడికి గుంజ కనబడకపోతే తప్పు గుంజది కాదని యాస్కుడి జవాబు. జవాబు బాగుంది. కానీ ఏ పదాన్నీ వ్యుత్పత్తి చెప్పకుండా వదలరాదన్నదీ ఆయన నియమమే. ఒక్కో మాటకు రెండు మూడు చెప్పిన చోట్ల, పెద్దవారు క్షమించాలి, నాకు ఆ ఉత్తరం చదువుతున్న పిల్లాడే కనిపిస్తాడు.

నా మనసు శాకల్యుడి వైపు. పదివేలకు పైగా ఉన్న ఋగ్వేద మంత్రాలను పదాలుగా విడగొట్టిన మనిషి, ఆరింటిని విడగొట్టలేదు. వాటిలో ఒకటి, అందరికీ నోటికొచ్చిన మృత్యుంజయ మంత్రం. అవి తర్వాత చేరినవి కాబట్టి అంటారు కొందరు. కావచ్చు. ఆయన వాటిని తీసేయలేదు, విరవనూ లేదు. సంహితలో కలిసి ఉన్నట్టే, విడగొట్టిన పాఠమైన పదపాఠంలో పెట్టి, తర్వాతి మంత్రానికి వెళ్లాడు.

నానమ్మ పోయాక ఆమె సందుగలో ఆ ఉత్తరం దొరికింది. నాయినకు చూపించి, ఈ రెండు వరుసల్లో ఏం రాశావని అడిగాను. అద్దాలు పెట్టుకుని, వెలుతురుకు ఎత్తి, చాలాసేపు చూశాడు.

"యాది లేదురా" అని మడతల మీదే మడిచి ఇచ్చాడు.